ఖడ్గము బడిలో చేరిన వృత్తాంతము

ఫెన్సింగు అన్న మాట వినగానే మన గ్రామ సంఘములలోని పెద్దలకు గుడి ఆవరణ చుట్టూ వేసిన ముళ్లకంచె జ్ఞాపకము వస్తుంది. బడి పిల్లలకు మాత్రము ఈ మాట ఇప్పుడు వేరొక అర్థముతో పరిచయమగుచున్నది. తెల్లని దుస్తులు తొడిగి, ముఖమునకు ఇనుప జాలీ ముసుగు వేసికొని, సన్నని కత్తులతో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఆడే ఆట అది. విచిత్రమేమనగా ఈ రెండు అర్థములకు మూలము ఒక్కటే. రక్షణ అని అర్థమిచ్చే డిఫెన్సు అనే ఇంగ్లీషు పదములో మొదటి అక్షరము రాలిపోగా మిగిలినదే ఫెన్సు. తోటను కాపాడేది కంచె, దేహమును కాపాడుకొనే విద్య కత్తిసాము. చంపుటకు కాదు, కాచుకొనుటకు నేర్చే విద్య అని దాని పేరే చెప్పుచున్నది. ఆ పేరుకు తగినట్లు ఆ విద్య నడిచినదా, లేదా అన్నది చరిత్ర చెప్పవలసిన మాట.

శతాబ్ది సంచికలో ఈ విషయమేల అని కొందరు అడుగవచ్చును. మన సంఘ చరిత్రను మన బడుల చరిత్ర నుండి వేరు చేయుట సాధ్యము కాదు. గుడి కట్టక ముందే చెట్టు క్రింద బడి పెట్టిన గ్రామములు మనకు ఎన్నో కలవు. బడిలో అక్షరములతోపాటు పిల్లలకు ఏ ఆట నేర్పుచున్నాము, ఆ ఆట ద్వారా ఏ గుణము నేర్పుచున్నాము అన్నది మొదటి నుండి సంఘము పట్టించుకొనవలసిన విషయమే. పైగా విశ్వాసి బిడ్డ కత్తి పట్టవచ్చునా, పేతురుతో కత్తిని దాని ఒరలో పెట్టుమన్న ప్రభువును ఆరాధించే మనము బిడ్డలను ఈ ఆటకు పంపవచ్చునా అని తలిదండ్రులు మా వంటి పాదిరులను అడుగుచున్నారు. ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పి పంపుట కంటె, ఖడ్గము బడిలోనికి ఎట్లు వచ్చినది, వచ్చిన తరువాత దానికి ఏమి జరిగినది అని చూపుట మేలని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

యాజకుడు గురువైన పుస్తకము

ఇంగ్లండు దేశములో లీడ్స్ నగరములోని రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధ ప్రదర్శనశాలలో ఒక చర్మపత్ర గ్రంథము ఉన్నది. దాదాపు 1300 ప్రాంతమున జర్మనీ దేశములో వ్రాయబడినదని పండితులు నిర్ణయించినారు. యూరపులో ఇప్పటి వరకు మిగిలి ఉన్న కత్తిసాము గ్రంథములన్నిటిలో ఇదే పాతది. 32 ఆకులలో వరుసగా బొమ్మలు, వాటి ప్రక్కన లాటిన్ భాషలో వివరణలు ఉన్నవి. ప్రతి బొమ్మలోను ఇద్దరు వ్యక్తులు ఒక చేత కత్తి, మరొక చేత చిన్న డాలు పట్టుకొని ఉంటారు.

ఆ ఇద్దరు ఎవరు? నేర్పేవాడు యాజకుడు, నేర్చుకొనేవాడు విద్యార్థి. ఆ గ్రంథమే వారిని ఆ పేర్లతో పిలుచుచున్నది. యాజకుని తలపై మధ్యలో వెండ్రుకలు గొరిగిన గుర్తు కూడ చిత్రకారుడు చూపినాడు. లుట్గేర్ అనే యాజకుని పేరు ఆ గ్రంథములో కనబడుచున్నది. ఏడు విధములైన నిలకడలను, అనగా ఖడ్గమును ఎక్కడ ఉంచుకొని కాచుకొనవలెనో ఆ స్థానములను, మొదట చెప్పి, వాటి మీదనే పాఠమంతా నడిపినారు. చివరి పుటలలో విద్యార్థికి బదులు వాల్పుర్గిస్ అనే స్త్రీ కత్తి, డాలు పట్టుకొని యాజకుని ఎదుట నిలుచుచున్నది. బాలికలకు ఇటువంటి ఆటలేమిటి అని నేటికిని మన ఇండ్లలో వినవచ్చే మాటకు దాదాపు ఏడు వందల ఏండ్ల నాటి ఆ బొమ్మ మంచి సమాధానము.

ఆ కాలములో ఈ విద్యకు మంచి పేరు ఉండెనని మాత్రము అనుకొనరాదు. 1285లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు లండను నగరములో కత్తి, డాలు సాము నేర్పే బడులు పెట్టరాదని శాసనము చేసి, మీరినవారికి నలుబది దినముల చెర విధించినాడు. అట్టి బడులు దుష్టులకు ధైర్యము నేర్పే స్థలములని ప్రభుత్వపు అనుమానము. ఒక చోట యాజకుడు శ్రద్ధతో పాఠము వ్రాయించుచుండగా, మరొక చోట రాజు ఆ పాఠమునే నిషేధించుచున్నాడు. విద్య ఒక్కటే, దానిని ఎవరు ఎందుకొరకు నేర్పుచున్నారన్నదే భేదము.

సంఘములు, పరీక్షలు, పట్టములు

తరువాతి రెండు శతాబ్దములలో కత్తిసాము గురువులు వృత్తి సంఘములుగా ఏర్పడినారు. జర్మనీలో సెయింట్ మార్కు సహోదర సంఘమునకు 1487లో చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ అధికార పత్రము ఇచ్చినాడు. ఇంగ్లండులో 1540లో ఎనిమిదవ హెన్రీ లండను కత్తిసాము గురువులకు అట్టి పత్రమే ఇచ్చినాడు. అనగా రెండు వందల యాబది ఏండ్ల క్రిందట నిషేధించిన విద్యకు అదే నగరములో రాజముద్ర పడినది.

వారి పద్ధతి చూచినచో అది అచ్చముగా బడి పద్ధతియే. చేరినవాడు మొదట స్కాలరు. కొన్ని సంవత్సరములు నేర్చి పరీక్షలో నెగ్గినచో ఫ్రీ స్కాలరు. ఆ మీదట ప్రొవోస్టు. చివరకు మాస్టరు. ప్రతి మెట్టు దగ్గర బహిరంగ స్థలములో, జనుల ఎదుట, తనకంటె పెద్దవారితో పలు ఆయుధములతో తలపడి చూపవలెను. మాస్టరు అనుమతి లేక ఎవ్వడును స్వంతముగా బడి తెరువరాదు. చేతి విద్యకు ఇంతటి క్రమశిక్షణ ఏర్పడుట గొప్ప విషయమే. కాని ఆ క్రమశిక్షణ బడి గోడల లోపలనే ఉండెను. బయట వేరొక పాఠము నడుచుచుండెను.

గౌరవము పేరిట జరిగిన నరహత్య

ఆ వేరొక పాఠము పేరు ద్వంద్వ యుద్ధము. ఎవడైన నన్ను అవమానించినచో వానిని పిలిచి కత్తితో తేల్చుకొనుట నా గౌరవము అను నమ్మకము యూరపులోని పెద్దింటి యువకులలో విషమువలె ప్రాకినది. మాట తేడా వచ్చినను, పేకాటలో తగవు వచ్చినను, దారిలో భుజము తగిలినను ప్రాణము మీదికి వచ్చుచుండెను. ఇందుకు తర్ఫీదు ఎక్కడ? కత్తిసాము బడులలోనే.

సంఘము ఊరకుండలేదు. 1563లో ట్రెంటు మహాసభ తన చివరి సమావేశములో ద్వంద్వ యుద్ధమును తీవ్రముగా ఖండించినది. పోరాడినవారిని, వారి ప్రక్క నిలిచిన సాక్షులను సంఘము నుండి వెలివేయవలెననియు, అందులో చనిపోయినవానికి క్రైస్తవ సమాధి ఇయ్యరాదనియు తీర్మానించినది. పోరునకు స్థలమిచ్చిన రాజులను సైతము విడిచిపెట్టలేదు. అయినను పోరాటములు ఆగలేదు.

ఫ్రాన్సు దేశమున 1594లో ప్లువినెల్ అనే గుఱ్ఱపు స్వారి గురువు ప్యారిస్‌లో పెద్దింటి బిడ్డలకు ఒక పాఠశాల స్థాపించినాడు. స్వారి, కత్తిసాము, నాట్యము, గణితము అచ్చటి పాఠములు. ఆ బడిలో చదివినవారిలో రిషెల్యూ ఒకడు. తరువాత అతడు యాజకుడై, కార్డినల్ అయి, రాజ్యమునకు ప్రధానమంత్రి అయినాడు. కత్తి పట్టుట నేర్చిన ఆ కార్డినలే 1626లో పదమూడవ లూయీ రాజుచే ద్వంద్వ యుద్ధమునకు వ్యతిరేకముగా కఠిన శాసనము చేయించినాడు. మరుసటి సంవత్సరమే బూట్‌విల్ ప్రభువు ఆ శాసనమును లెక్కచేయక ప్యారిస్ నడిబొడ్డున పట్టపగలు పోరాడినాడు. ఎంత గొప్ప వంశమువాడైనను రాజు కనికరింపలేదు. 1627 జూన్ 22న బహిరంగముగా అతని శిరచ్ఛేదము జరిగినది.

ఆ తరువాత కూడ ఈ దురాచారము రెండు వందల ఏండ్లకు పైగా బ్రదికినది. మహాసభ తీర్మానము, రాజశాసనము, ఉరికొయ్య, ఇవేవియు దానిని వెంటనే చంపలేకపోయినవి. ఎందుకనగా బడిలో చేతికి కత్తి నేర్పినారు గాని, అవమానమును ఎట్లు ఓర్చుకొనవలెనో మనస్సునకు నేర్పలేదు. చట్టము చేతిని పట్టుకొనగలదు, హృదయమును పట్టుకొనలేదు. బడులు నడిపే మన సంఘమునకు ఈ పాఠము ఎంతో విలువైనది.

కత్తి మొనకు పువ్వు

మార్పు వేరొక వైపు నుండి వచ్చినది. అభ్యాసము కొరకు మొన లేని తేలిక కత్తి ఒకటి వాడుకలోనికి వచ్చినది. దాని కొనకు గుండీ వంటి బుడిపె పెట్టి తోలుతో చుట్టేవారు. చూచుటకు పూమొగ్గవలె ఉన్నందున ఫ్రెంచివారు దానికి పువ్వు అన్న మాటనుండి పేరు పెట్టినారు. ఇంగ్లీషులో ఫాయిల్ అనేది అదే. 18వ శతాబ్దములో ప్యారిస్ గురువు లా బొయెస్సియేర్ ఇనుప తీగెల జాలీతో ముఖమునకు ముసుగు ప్రవేశపెట్టినట్లు చెప్పబడుచున్నది. అంతకు ముందు కన్ను పోవునన్న భయముచేత ఒకడు పొడిచి తిరిగి వెనుకకు వచ్చేవరకు రెండవవాడు ఆగవలసి వచ్చెడిది. ముసుగు వచ్చిన తరువాత ఇద్దరు నిర్భయముగా, వేగముగా ఆడగలిగినారు. బిడ్డలకు నేర్పుటకు తగిన ఆట అప్పుడే అయినదని చెప్పవచ్చును.

ఆ లా బొయెస్సియేర్ బడిలో పదమూడేండ్ల బాలుడొకడు చేరినాడు. కరీబియన్ సముద్రములోని గ్వాడెలూప్ ద్వీపములో 1745లో పుట్టినవాడు. తండ్రి ఫ్రెంచి తోటల యజమాని; తల్లి నానోన్ అనే ఆఫ్రికా సంతతి బానిస స్త్రీ. ఈ బాలుడే తరువాత షెవాలియే ద సాన్ జార్జ్ అన్న పేరుతో ఫ్రాన్సు అంతటికి కత్తిసాములో మేటి అయినాడు. గొప్ప వయొలిన్ విద్వాంసుడు, సంగీతకర్త కూడ. బానిస స్త్రీ కుమారుని ఎదుట ప్రభువుల బిడ్డలు నిలిచి ఓడిపోయినారు. కత్తి మొన ఎదుటివాని రంగు చూడదు. కాని మనుష్యులు చూచినారు. 1776లో ప్యారిస్ సంగీత నాటకశాలకు అతనిని అధిపతిగా నియమించబోగా, నల్లజాతివాని క్రింద పని చేయలేమని అచ్చటి గాయనీమణులు రాణికి అర్జీ పెట్టుకొన్నారు. ఆ పదవి అతనికి దక్కలేదు. ఆటస్థలములో సమానత్వము ఇచ్చి, బయట దానిని తీసివేసే లోకనీతి అతి పాతది. మన దేశములో బడి మైదానమున కలిసి ఆడి, ఇంటి గడప దగ్గర విడిపోవలసి వచ్చిన బిడ్డల సంగతి మన సంఘములకు ఎవరును చెప్పనక్కరలేదు.

అదే కాలములో లండనులో డొమెనికో ఆంజెలో అనే ఇటలీ దేశస్థుడు ప్రసిద్ధమైన కత్తిసాము బడి నడిపి, 1763లో బొమ్మలతో ఒక గొప్ప గ్రంథము ప్రకటించినాడు. చంపుట కొరకు కాక, ఆరోగ్యము కొరకు, నిలువు నడకల అందము కొరకు కూడ ఈ విద్య నేర్వవలెనన్నది అతని బోధ. 1896లో ఏథెన్సులో ఆధునిక ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైననాడే కత్తిసాము వాటిలో చోటు సంపాదించినది. 1913లో ప్యారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. 1924 ప్యారిస్ ఒలింపిక్సు నుండి స్త్రీలకును పోటీలు పెట్టినారు.

బిడ్డ నేర్చే మొదటి పాఠములు

ఇక బడిలో ఏమి నేర్పుదురు? మొదటి దినముననే కత్తి చేతికి ఇయ్యరు. మొదట అడుగులు. కుడిచేతివాటము వారు కుడిపాదము ముందు, ఎడమపాదము దానికి అడ్డముగా ఉంచి, మోకాళ్లు వంచి నిలువవలెను. ఆ నిలకడ చెడకుండ ముందుకు రెండడుగులు, వెనుకకు రెండడుగులు. ఇదే గంటల తరబడి. తరువాత ముందుకాలు చాచి ఒక్కసారిగా పొడుచుట, పొడిచి మరల నిలకడకు వచ్చుట. ఎదుటివాని కత్తిని తన కత్తితో ప్రక్కకు తీసివేయుట, తీసిన వెంటనే ఎదురు పోటు వేయుట. ఆటస్థలము 14 మీటర్ల పొడవు, రెండు మీటర్లకు మించని వెడల్పు గల బాట. అందులోనే ముందు వెనుకలు.

ఆయుధములు మూడు. ఫాయిల్‌లో మొండెము మాత్రమే గురి. ఎపేలో ఆపాదమస్తకము ఎక్కడ తగిలినను లెక్కయే. సేబర్‌లో నడుము పై భాగము, మొనతోనే కాక అంచుతో కూడ కొట్టవచ్చును. ఫాయిల్, సేబర్ ఆయుధములలో ఒక ముఖ్యమైన న్యాయము ఉన్నది. ముందుగా సరియైన దాడి ఆరంభించినవానికి హక్కు. రెండవవాడు ముందు ఆ దాడిని అడ్డుకొని, ఆ మీదటనే తిరుగుపోటు వేయవలెను. తన మీదికి వచ్చే మొనను లెక్కచేయక తానును పొడిచినచో, ఇద్దరికి తగిలినను వానికి పాయింటు రాదు. నిజమైన కత్తులైనచో ఇద్దరును చచ్చెదరు గనుక, అట్టి మూర్ఖత్వమునకు బహుమానము లేదని ఈ నియమము నేర్పుచున్నది. నియమప్రకారము పోరాడనివానికి కిరీటము రాదని పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయములో బోధించిన సంగతి ఇచ్చట మనకు జ్ఞాపకము రావలెను.

మరొక ముచ్చట. ఈ ఆటలో ఎడమచేతివాటము వారికి అనుకూలత ఎక్కువ. ఎదుటివారు అలవాటుపడినది కుడిచేతివారితో గనుక, ఎడమవైపు నుండి వచ్చే మొన వారిని తికమక పెట్టును. ఎడమచేత అన్నము తిన్నదని, ఎడమచేత వ్రాసినదని మన ఇండ్లలో బిడ్డలను కొట్టుట మనమెరుగుదుము. న్యాయాధిపతుల గ్రంథము మూడవ అధ్యాయములోని ఏహూదు ఎడమచేతివాటము వాడే. దేవుడు ఒక్కొక్కరికి ఇచ్చిన వాటమునకు ఏదో ఒక చోట పని ఉండును.

తగిలినదని తానే ఒప్పుకొనుట

కత్తిసాము చరిత్రలో మమ్మును మిక్కిలి ఆకర్షించిన ఆచారము ఒకటున్నది. విద్యుత్ యంత్రములు రాకముందు పోటు తగిలినదో లేదో న్యాయనిర్ణేతలు కంటితో చూచి చెప్పవలసి ఉండెను. మెరుపువలె కదిలే మొనను కన్ను పట్టుకొనలేదు. కనుక తగిలినవాడే చేయి ఎత్తి, నాకు తగిలినది అని ఒప్పుకొనుట మర్యాదగా ఉండెను. ఓడిపోవునని తెలిసియు ఒప్పుకొనుట. ఆటలలో ఇటువంటిది అరుదు. అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడని సామెతల గ్రంథము బోధించుచున్నది కదా. ఆ సంగతిని ప్రసంగములో పది సార్లు వినుట కంటె ఆటస్థలమున ఒక్కసారి చేయి ఎత్తుట బిడ్డకు బాగుగా నేర్పును.

తరువాత యంత్రము వచ్చినది. 1930లలో ఎపేకు, 1950లలో ఫాయిల్‌కు, 1980లలో సేబర్‌కు విద్యుత్ తీగెలు తగిలించినారు. మొన తగులగానే దీపము వెలుగును. ఇక తగవులు లేవు, మోసములు లేవు అనుకొన్నారు. కాని 1976 జూలై 19న మాంట్రియల్ ఒలింపిక్సులో ఏమి జరిగినదో చూడుడు. సోవియట్ రష్యా జట్టులోని బోరిస్ ఒనిష్చెంకో బ్రిటను ఆటగాండ్రతో ఎపే ఆడుచుండెను. అతని మొన తగులకుండగనే దీపము వెలిగినది. జిమ్ ఫాక్సు అనే బ్రిటను ఆటగాడు, నాకు తగులలేదు, ఈ కత్తిని పరీక్షించుడు అని కోరినాడు. విప్పి చూడగా పిడిలో రహస్యముగా ఒక స్విచ్చి అమర్చబడి ఉన్నది. అది నొక్కినచో దీపము వెలుగును. నాలుగేండ్ల ముందు మ్యూనిక్‌లో పతకములు గెలిచిన సైనికాధికారి అతడు. అతనిని పోటీనుండి తొలగించినారు, ఆతని జట్టంతయు పోటీకి దూరమైనది. మనస్సాక్షి స్థానములో యంత్రమును ఉంచినారు. యంత్రమునకు మనస్సాక్షి లేదు. బడి నేర్పవలసినది ఏదో దీనిని బట్టి తెలియుచున్నది.

ఆట అని అలక్ష్యము చేయరాదు

1982 జూలైలో రోము నగరములో ప్రపంచ పోటీలు జరిగినవి. మాస్కో ఒలింపిక్సులో బంగారు పతకము పొందిన వ్లాదిమిర్ స్మిర్నోవ్, పశ్చిమ జర్మనీకి చెందిన మథియాస్ బేర్ ఫాయిల్ ఆడుచుండిరి. ఇద్దరు ఒక్కసారి ముందుకు దూకగా బేర్ కత్తి విరిగి, విరిగిన కొన స్మిర్నోవ్ ముసుగును చీల్చుకొని లోపలికి పోయినది. కొద్ది దినములకు అతడు మరణించినాడు. బేర్ తప్పేమియు లేదు. అయినను ఆ భారము అతనిని ఏండ్ల తరబడి క్రుంగదీసినది.

ఈ మరణము వృథా కాలేదు. ముసుగుల జాలీని, లోపలి దుస్తుల బట్టను గట్టిపరచినారు. విరిగినను సులభముగా పదునైన మొన ఏర్పడని ప్రత్యేక ఉక్కుతో కత్తులు చేయనారంభించినారు. తలిదండ్రులు భయపడక్కరలేదు గాని, బడివారు ఖర్చు తగ్గించుకొనుటకు పాత ముసుగులతో, చిరిగిన దుస్తులతో బిడ్డలను ఆడించినచో అది నేరమే. డాబా మీద పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్న ఆజ్ఞ ఇచ్చట కూడ వర్తించును.

నెవార్కు పేటలోని బడి

కత్తిసాము ధనవంతుల ఆట అన్న మాట చాలమట్టుకు నిజమే. దానిని మార్చినది ఒక సంఘ పాఠశాలలో చదివిన పేద బాలుడు. అమెరికా దేశమున నెవార్కు పట్టణములో పీటర్ వెస్ట్‌బ్రూక్ అనే నల్లజాతి బాలుడు తల్లి పెంపకములో పెరిగినాడు. తల్లి మారికో జపాను దేశస్థురాలు. తండ్రి విడిచిపోయినాడు. వీధులలో తగవులాడే కుమారుని దారికి తెచ్చుటకు ఆమె అతనిని కత్తిసాము నేర్చుకొనుమన్నది. అతడు ఇష్టపడకపోగా, వెళ్లినచో ఐదు డాలర్లు ఇచ్చెదనన్నది. ఆ డబ్బు కొరకు వెళ్లినవాడు ఎసెక్సు క్యాథలిక్ హైస్కూలులో ఆట మీద మనస్సు పడినాడు. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో సేబర్‌లో కంచు పతకము గెలిచినాడు. అమెరికా జాతీయ పోటీలలో పదమూడు సార్లు విజేత. తన కోపమును ఎట్లు అదుపులో పెట్టుకొన్నాడో చెప్పే ఆత్మకథను 1997లో ప్రకటించినాడు.

గెలిచి ఊరకుండలేదు. 1991లో న్యూయార్కులో ఒక సంస్థ స్థాపించి, శనివారములలో పేదపేటల బిడ్డలకు ఈ ఆట నేర్పించినాడు, వారి చదువులకును సాయము చేయించినాడు. అచ్చట తర్ఫీదు పొందిన కీత్ స్మార్ట్, అతని సోదరి ఎరిన్ స్మార్ట్ 2008 బీజింగ్ ఒలింపిక్సులో జట్టు వెండి పతకములు పొందినారు. ఇబ్తిహాజ్ ముహమ్మద్ అనే ముస్లిము యువతి 2016 రియో ఒలింపిక్సులో జట్టు కంచు పతకము పొందినది. ఆమె కూడ బడిలోనే, పదమూడేండ్ల ప్రాయములో ఈ ఆట మొదలుపెట్టినది. దేహమంతా కప్పే దుస్తులు గల ఆట గనుక తమ మతాచారమునకు భంగము లేదని తల్లి చూపినది. వెస్ట్‌బ్రూక్ 2024 నవంబరు 29న కన్నుమూసినాడు. ఒక తల్లి ఇచ్చిన ఐదు డాలర్లు ఎంత పంట పండినవో లెక్కించుట మావల్ల కాదు.

మన నేల మీద

మన తెలుగుదేశమునకు కత్తిసాము క్రొత్తది కాదు. సాముగరిడీలు, తాలింఖానాలు ఊరూర ఉండేవి. కర్రసాము, కత్తిసాము గురువు పాదములకు మ్రొక్కి నేర్చేవారు. విజయనగరము, బొబ్బిలి సీమలలో ఆ పేరు నేటికిని వినబడును. 1878లో బ్రిటిషు ప్రభుత్వము ఆయుధముల చట్టము చేసి, లైసెన్సు లేక ఆయుధము ధరించుట నేరమన్నది. ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశములో కమ్మరివాడు లేకుండ చేసిన సంగతి సమూయేలు మొదటి గ్రంథము పదమూడవ అధ్యాయములో చదివినప్పుడు మాకు ఈ చట్టమే జ్ఞాపకము వచ్చును. కత్తిసాము పండుగలకు, పీర్ల ఊరేగింపులకు పరిమితమైన కళగా మిగిలినది.

బడులలో దాని స్థానమును డ్రిల్లు, ఆటలు తీసికొన్నవి. ఇందులో క్రైస్తవుల పాత్ర చిన్నది కాదు. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణ కళాశాలను స్థాపించినాడు. 1924 ప్యారిస్ ఒలింపిక్సునకు భారత జట్టును వెంటబెట్టుకొని వెళ్లినవాడు ఈయనే. బడి అంటే పుస్తకము మాత్రమే కాదు, దేహము కూడ దేవుని ఆలయమే అన్న బోధ దక్షిణ దేశపు బడులకు వ్యాపించుటలో ఆ కళాశాల పాత్ర గొప్పది.

భారత కత్తిసాము సమాఖ్య 1974లో ఏర్పడినది. 1997లో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు వచ్చినది. 2004లో చెన్నైలోని ఒక బాలికల బడిలో భవానీదేవి అనే పదకొండేండ్ల బాలిక ఈ ఆటలో చేరినది. తండ్రి హైందవ దేవాలయ అర్చకుడు. ధనిక కుటుంబము కాదు. అసలు కత్తులు ఖరీదైనవి గనుక ఆరంభములో వెదురు కర్రలతో అభ్యసించి, కత్తులను పోటీల కొరకు దాచుకొనేవారు. మన కర్రసాము గురువులు చూచినచో ఆనందించి ఉందురు. తరువాత కేరళలోని తలశ్శేరిలో, ఆ మీదట ఇటలీలో తర్ఫీదు పొంది, ఒలింపిక్సునకు అర్హత పొందిన మొదటి భారతీయ కత్తిసాము క్రీడాకారిణి అయినది. 2021 జూలై 26న టోక్యోలో మొదటి పోటీని 15–3 తేడాతో గెలిచి, రెండవ దానిలో ఫ్రాన్సు దేశపు మనోన్ బ్రూనే చేతిలో 7–15 తేడాతో ఓడినది. 2023లో చైనాలోని వూషీ నగరమున ఆసియా పోటీలలో కంచు పతకము పొందినది. ఆ పోటీలలో భారతదేశమునకు అట్టి పతకము అదే మొదటిది.

వందనము

ఈ ఆటకు ముందును తరువాతను ఎదుటివానికి, న్యాయనిర్ణేతకు కత్తి ఎత్తి వందనము చేయుట విధి. ఆట ముగిసిన తరువాత చేయి కలుపుట కూడ విధిగానే ఉండెను. 2023 జూలై 27న మిలాను నగరములో ప్రపంచ పోటీలయందు ఉక్రెయిను దేశపు ఓల్హా ఖర్లాన్ రష్యాకు చెందిన అన్నా స్మిర్నోవాను ఓడించినది. తన దేశము మీద యుద్ధము సాగుచుండగా ఆమె చేయి కలుపక, కత్తిని మాత్రము ముందుకు చాచినది. నియమ భంగమని ఆమెను పోటీనుండి తొలగించినారు. లోకమంతటను చర్చ జరుగగా, చేయి కలుపవలెనన్న నిర్బంధమును సమాఖ్య సడలించినది. మరుసటి సంవత్సరము ప్యారిస్‌లో ఆమె వ్యక్తిగతముగా కంచు, జట్టుతో బంగారు పతకము గెలిచినది.

ఆమెను నిందించుటకు మాకు నోరు రాదు. ఇండ్లు కూలి, బిడ్డలు చచ్చుచుండగా చేయి కలుపుమనుట తేలిక కాదు. కాని ఈ సంఘటన ఒక సత్యమును బయటపెట్టుచున్నది. ఆట సమాధానమును చేయలేదు. సమాధానము ఎట్లుండునో చూపగలదు, అంతే. కత్తులు నాగటి నక్కులగునని యెషయా రెండవ అధ్యాయములో చూచిన దర్శనము ఇంకను మన ముందున్నది.

కావున అడిగిన తలిదండ్రులకు మా మాట ఇది. బిడ్డను పంపుడు. కాని పంపు ముందు ఆ బడి ఏమి నేర్పుచున్నదో విచారించుడు. ముసుగు గట్టిదియేనా? నియమము తప్పినప్పుడు గురువు మందలించుచున్నాడా, లేక గెలిస్తే చాలునని ఊరకుండుచున్నాడా? కూలివాని బిడ్డకును, పెద్దింటి బిడ్డకును ఒకే కత్తి ఇచ్చుచున్నారా? తగిలినప్పుడు చేయి ఎత్తి ఒప్పుకొను బిడ్డను మెచ్చుకొనుచున్నారా? ఈ ప్రశ్నలు కత్తిసామునకే కాదు, మన అధ్యక్ష మండలములోని ప్రతి బడికి, ప్రతి సండేస్కూలునకు చెందినవి. యాజకుడు విద్యార్థి ఎదుట నిలిచి మొదట కాచుకొనుట నేర్పిన ఆ పాత చర్మపత్ర గ్రంథమును చూచినప్పుడు, ఆ పని మనకు క్రొత్తది కాదని తెలియును. రాబోవు వంద సంవత్సరములలో మన బడులలో చదివే బిడ్డలకు చేతి నేర్పుతోపాటు హృదయపు నెమ్మదిని కూడ నేర్పే గురువులను ప్రభువు అనుగ్రహించును గాక.